ఎండకు స్విచ్చి లేదు

మా ఉస్తాద్ పోయాడని వాళ్ళబ్బాయి కడప నుంచి ఫోన్ చేసి చెప్పాడు. "నిన్న పొద్దున నమాజుకు లేచినాడన్నా. వజూకు కాళ్ళూ చేతులూ కడుక్కుంటా కడుక్కుంటా అట్లే కూలబడిపోయినాడు" అన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. మట్టి కూడా అయిపోయిందట. "మా నాయన డైరీలో మొదటి పేజీలో నీ నంబరు ఉండాది. అందుకే చేసినా" అని ఆ అబ్బాయి ఆగాడు. నేనేదో ఒకటి అనాలి. సరే బాబూ అని ఫోన్ పెట్టేశాను.

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. భయమేసింది. అరవై దాటినవాణ్ణి, మనవల్ని ఎత్తుకు తిరిగేవాణ్ణి, పట్టపగలు నా షాపులో నా కుర్చీలో కూర్చుని జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలా భయపడ్డాను. బల్ల మీద ఎవరిదో ఇన్వర్టర్ విప్పి ఉంది. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. మూత బిగించి, షట్టర్ దించేసి ఇంటికి పోయాను.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. అయితే ఆయన మంచితనం చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా రాస్తే సగం అబద్ధమవుతుంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మా ఇంట్లో కూడా చెప్పలేదు. 

నేను ఒమాన్ వెళ్ళేటప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. మాది జగిత్యాల పక్కన. ఇద్దరు పిల్లల తండ్రిని, లేబర్ వీసా. రుసైల్‌లో ఫ్యాక్టరీల మధ్య మా కంపెనీ షెడ్డు. మొదటి రెండేళ్ళు సిమెంటు బస్తాలు మోశాను. ఆ తర్వాత కంపెనీవాళ్ళు సోలార్ పని పట్టారు. కరెంటు స్తంభాలు చేరని ఎడారిలో బావుల దగ్గర సోలార్ పలకలు బిగించి, వాటితో పంపు నడిపించడం. ఆ పని తెలిసిన మేస్త్రీ కంపెనీ మొత్తానికి ఒక్కడే, మా ఉస్తాద్. సామాను మోయడానికి తెలుగు తెలిసిన మనిషిని ఇవ్వండని ఆయన అడిగితే నన్నిచ్చారు. ఆయనది కడప. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. మనిషి సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు.

పలకల మీద ఎండ పడితే పుట్టే కరెంటు వేరు, పంపు మోటారుకు కావలసిన కరెంటు వేరు. ఒకదాన్ని ఇంకొకటిగా మార్చడానికి మధ్యలో చిన్న ట్రంకుపెట్టె అంత డబ్బా ఉంటుంది. అదే ఇన్వర్టర్. దానిలోపల ఒక కార్డు. ఎండను కనిపెట్టుకుని ఉండడం దాని పని. ఎండ బాగుంటే మోటారును జోరుగా తిప్పుతుంది, దుమ్ము లేస్తేనో మబ్బు అడ్డమొస్తేనో నెమ్మది చేస్తుంది. ఆ కార్డు మీద ఆవగింజంత స్క్రూ ఒకటుంది. దాన్ని ఎంత తిప్పితే డబ్బాకు అంత ఆశ. ఆశ మరీ ఎక్కువైతే, పలకలు ఇవ్వలేనంత లాగబోయి మొత్తానికే పడిపోతుంది, మోటారు ఆగిపోతుంది. కాసేపటికి లేస్తుంది, మళ్ళీ పడుతుంది.

"కొత్త అల్లుడప్పా ఇది" అనేవాడు ఉస్తాద్. "ఇంటోళ్ళ తాహతు చూసి అడగడు. లేదంటే అలిగి పండుకుంటాడు. సూర్యుడు ఇచ్చినంతే అడగాల. గుక్కెడు ఎక్కువ అడిగినావా, ఇచ్చింది గూడా ఎత్తుకపోతాడు." అంటూ నీళ్ళ పైపుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ స్క్రూను వెంట్రుకవాసి తిప్పేవాడు. పైపులో నీటి చప్పుడు ఒక్క తీరుగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. మీటర్లూ చార్టులూ ఉన్న ఇంజనీరు కూడా ఆయన పైపు వదిలేదాకా నోరు మెదిపేవాడు కాదు.

క్యాంపులో మాత్రం ఆయనకు 'డర్‌పోక్ ఉస్తాద్' అని పేరు. కరెంటు పని చేసేవాళ్ళలో అంత పిరికివాణ్ణి ఎవరూ చూడలేదట. డబ్బా మూత తీసే ముందు ఎడమ చేతిని రుమాలుతో వెనక నడుము బెల్టుకు కట్టేసుకునేవాడు. "రెండు చేతులూ పెడితే ఈ చేత్తో ఎక్కి ఆ చేత్తో దిగుతాది. నడిమధ్యలో గుండె ఉండాది గదా" అనేవాడు. పొట్టి స్టూలు అంచున, వెనక్కి పడడానికి సిద్ధంగా కూర్చునేవాడు. డబ్బా ఆపాక పాలు లేని సులేమానీ చాయ్ గ్లాసుడు పోసుకుని, నిమ్మకాయ పిండుకుని, చివరి గుక్క దాకా నిదానంగా తాగేవాడు. అది అయితే గాని చెయ్యి పెట్టేవాడు కాదు. ఆపినంత మాత్రాన డబ్బా చావదు, లోపల కాసేపు కరెంటు దాగి ఉంటుంది. ఒకసారి ఒక మలయాళీ ఎలక్ట్రీషియన్ "చాయ్ తాగడానికే కదా ఉస్తాద్ ఈ నాటకం" అని ఎగతాళి చేస్తే, "ఔ, ఇంకో గ్లాసు పొయ్యి" అని నవ్వాడు తప్ప చెయ్యి పెట్టలేదు.

భయం విషయానికొస్తే నేనేమీ తక్కువ తినలేదు. కాకపోతే దాచుకునేవాణ్ణి. ఒకరోజు దాచుకోలేక "నాకు మస్తు భయమైతున్నది ఉస్తాద్" అన్నాను. తిడతాడేమోననుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మంచిదప్పా! భయపడేటోడే ఇంటికి పోతాడు. ధైర్యమున్నోళ్ళను ఇద్దరిని పెట్టెల్లో పెట్టి నేనే విమానం ఎక్కించినా" అన్నాడు. ఆ మాట విన్న తర్వాత నా భయం తగ్గలేదు. రెట్టింపయింది. అదే ఆయనకు కావలసింది.

ఆయన అన్నిటికంటే ఎక్కువగా భయపడింది ఎండకు. "దేనికైనా స్విచ్చి ఉండాది. ఎండకు స్విచ్చి లేదు. ఎండ తగిలినంతసేపు పలక బతికే ఉంటాది. దాన్ని చంపాలంటే కప్పాల." అందుకని పలకల నుంచి వచ్చే తీగలను ముట్టుకోవాల్సి వస్తే, వాటి మీద మందపాటి నల్ల టార్పాలిన్ కప్పేవాళ్ళం. టార్పాలిన్ మోయడం, కప్పడం, కాపలా కాయడం నా డ్యూటీ.

తొంభైల మొదట్లో, ఒక వేసవిలో జరిగిందిది. ఆదం అనే ఊరు దాటి ఎడారిలోకి చాలా దూరం పోయాక ఒక బావి. రెండు రోజులుగా పంపు ఆగిపోయిందని కబురొచ్చింది. ఇంకో పదిరోజుల్లో నేను సెలవు మీద ఇంటికి పోవాలి. మా ఆవిడ ఉత్తరంలో ఒకే ఒక్కటి అడిగింది, గల్ఫ్ దుప్పటి. మా ఊళ్ళో గల్ఫ్ వెళ్ళినవాడి ఇల్లని తెలియాలంటే ఆ బరువైన మెత్తటి దుప్పటి మంచం మీద ఉండాలి. దారిలో నిజ్వా బజారులో ఉస్తాదే బండి ఆపాడు. నేను పులిబొమ్మది తీస్తే, "ఒద్దప్పా, పొద్దున్నే కండ్లు తెరిస్తే పిల్లోళ్ళు దడుసుకుంటారు" అని ఎర్ర గులాబీలది ఎంచి ఇచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంత మంచి వస్తువు నా చేతులతో నేను కొనడం అదే మొదలు.

బావి దగ్గర దిగి చూస్తే టార్పాలిన్ లేదు. రుసైల్‌లో షెడ్డు గోడకు ఆనించి ఉంది. ఎక్కించాల్సింది నేను.  ఉస్తాద్ డబ్బా తెరిచి చూశాడు. మాకంటే ముందు వచ్చినవాడెవడో నీళ్ళు ఎక్కువ రావాలని ఆ స్క్రూను చివరిదాకా తిప్పి పోయాడు. డబ్బా నిమిషానికోసారి పడుతూ లేస్తూ ఉండడంతో, పలకల కరెంటును లోపలికి కలిపే కాంటాక్టర్ కాస్తా కాలిపోయింది. కొత్తది వేయాలంటే పలకల తీగలను నేరుగా ముట్టుకోవాలి.

"పొద్దు గూకిందాకా ఆగుదాం" అన్నాడు ఉస్తాద్. కాని ఆ బావి యజమాని, అందరూ షేబా అని పిలిచే ముసలి అరబ్బు, ఖాళీ పీపాలను కాలితో తన్ని చూపిస్తున్నాడు. "మాయ్ మాఫీ సదీక్, మాయ్ మాఫీ." నీళ్ళు లేవు దోస్తూ, నీళ్ళు లేవు. మేకలు ఎండిన తొట్టిని నాకుతున్నాయి. పొద్దుగూకాక బాగుచేస్తే చీకట్లో పంపు నడవదు, మర్నాటిదాకా ఆగాలి. నేనే అన్నాను, "ఉస్తాద్, నా దుప్పటి కప్పుదామా?"

"కొత్తది గదా?"

"ఏం గాదు తియ్యుండ్రి."

ఎనిమిది పలకలు, పక్కపక్కనే ఉన్నాయి. డబుల్ దుప్పటి సరిగ్గా సరిపోయింది. ఉస్తాద్ కిందినుంచి తల పెట్టి వెలుతురు వస్తోందేమో చూశాడు. రాలేదు. మీటరు పెట్టి చూస్తే ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉంది. సులేమానీ తాగాడు, ఎడమ చెయ్యి కట్టుకున్నాడు. పలకల వెనక నీడలో స్టూలు అంచున కూర్చుని, "ఈడ్నుంచి కదలగాకు. నేను చెప్పిందాకా దుప్పటి తియ్యగాకు, ఏమన్నా గాని" అన్నాడు.

నేను నిలబడ్డాను. ఎండ నడినెత్తిన ఉంది. నా కళ్ళన్నీ గులాబీల మీదే. ఆ ఎండకు ఇనుము పెచ్చులూడుతుంది, బట్టల రంగు ఎంతసేపు నిలుస్తుంది? ఇంటికి పోయి మడత విప్పితే సగం ఎరుపు, సగం తెలుపు కనబడుతుందేమో. మా ఆవిడ ఏమీ అనదు, కాని చుట్టుపక్కలవాళ్ళు పాత దుప్పటి తెచ్చాడంటారు. బండిలో నా తెల్ల బెడ్‌షీటు ఉంది. కప్పడం అంటే కప్పడమే కదా, ఏదైతేనేం అనుకున్నాను. బండి దగ్గరికి పరుగెత్తి బెడ్‌షీటు తెచ్చాను. దుప్పటి లాగి, బెడ్‌షీటు పరిచాను. పలుచటి తెల్ల గుడ్డ ఎండను ఆపలేదన్న తెలివి నాకు లేదు. ఉన్నా ఆ నిమిషంలో పనిచేయలేదు.

కేక వినబడలేదు. స్టూలు దొర్లిన చప్పుడు, స్క్రూడ్రైవర్ రాయి మీద పడిన చప్పుడు వినబడ్డాయి. వంగి చూశాను. ఉస్తాద్ వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి చేతి వేళ్ళు తీగ మీద బిగుసుకుని ఉన్నాయి. తీగ కూడా ఆయనతోపాటు సాగి వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పళ్ళు బిగిశాయి. ఒళ్ళు మాత్రం సన్నగా వణుకుతోంది.

ఇప్పుడు చెప్పబోయేదే నేను ఇన్నేళ్ళూ దాచింది. నేను ఆయన దగ్గరికి పరుగెత్తలేదు. ముందు బెడ్‌షీటు లాగేసి, దుప్పటి మళ్ళీ కప్పాను. మూలలు కూడా సరిచేశాను. ఎవరైనా చూస్తే నా తప్పు తెలియకూడదు. వీసా రద్దు చేస్తారు, జైల్లో పెడతారు, నా పిల్లలేమైపోతారు. నా తలలో ఉన్నది అదే. ఉస్తాద్ బతికున్నాడా లేదా అన్నది తర్వాతే వచ్చింది. బెడ్‌షీటు ఉండచుట్టి బండిలో విసిరి, అప్పుడు పోయాను. ఆయన వేళ్ళు తీగను వదిలేసి ఉన్నాయి. చూపుడువేలు, మధ్యవేలు నల్లగా కాలి, మాడిన వాసన వస్తోంది.

షేబా తన పికప్‌లో మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని తోలాడు. దారి పొడుగునా ఉస్తాద్ తల నా ఒడిలో ఉంది. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఇంకోసారి తీసుకుంటాడో లేదోనని నేను బిగబట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, ఆయన దేవుడికీ మొక్కాను.

బతికాడు. మూడోరోజు కంపెనీ ఇంజనీరు ఆసుపత్రికి వచ్చి ఏం జరిగిందని అడిగాడు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.  "గాలికి దుప్పటి లేచింది సాబ్" అన్నాడు ఉస్తాద్. ఆ రోజు గాలే లేదు. దొంగకు తేలు కుట్టినట్టు నేను కిక్కురుమనకుండా నిలబడ్డాను.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. రూమ్‌లో ఎవరు నా వైపు చూసినా తెలిసిపోయిందనుకునేవాణ్ణి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకాన్నయిపోయాను. అన్నం ముందు కూర్చుంటే మాడిన వాసన వచ్చేది. మనుషులు లేరని నా సెలవు రద్దు చేశారు. కంపెనీ బండితోపాటు తిరిగొచ్చిన దుప్పటి నా మంచం కిందే ఉండిపోయింది.

ఉస్తాద్‌కు ఆ రెండు వేళ్ళు వంగడం మానేశాయి. స్క్రూడ్రైవర్ నిలవదు. చెయ్యి పనికిరాని మేస్త్రీని విమానం ఎక్కించడమే కంపెనీ పద్ధతి. ఇంజనీరు ఆ మాట ఎత్తేలోపే ఉస్తాద్ నన్ను ముందుకు నెట్టి, "చెయ్యి ఈయనది, నోరు నాది. ఇద్దరమూ కలిస్తే ఒక మేస్త్రీ సాబ్. ఒక్కసారి చూడండి" అన్నాడు. ఇంజనీరు ఆలోచించి, ఆ బావి పనే సగంలో ఆగి ఉంది, అది చేసి చూపించండి, లేకపోతే టికెట్ తీస్తానన్నాడు. అంటే ఆయన బతుకుతెరువు నా చేతిలో పడింది. ఆ వేళ్ళు అలా కావడానికి కారణమైన చేతిలో.

రుసైల్ నుంచి బయలుదేరేటప్పుడు నేను టార్పాలిన్ ఎక్కించాను. ఉన్నదో లేదో నాలుగుసార్లు తడిమి చూశాను. ఉస్తాద్ వచ్చి, "నీ దుప్పటి గూడా ఎయ్యి" అన్నాడు.

"టార్పాలిన్ ఉన్నది గద ఉస్తాద్."

"దానికి కంతలు పడినాయి. దుప్పటి తే."

నాకు ఎక్కడా కంతలు కనబడలేదు.  దారంతా దుప్పటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బావి దగ్గర ప్రభుత్వ ట్యాంకరు ఇచ్చిన నీళ్ళతో షేబా నెట్టుకొస్తున్నాడు. ఉస్తాద్‌ను చూసి వచ్చి రెండు భుజాలూ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. మేమిద్దరం దుప్పటి కప్పాం. మీటరు ముల్లు సున్నాకు వచ్చింది. ఉస్తాద్ గ్లాసుడు సులేమానీ పోసి నాకిచ్చాడు. అది సగం నా చొక్కా మీదే పడింది. తర్వాత తన రుమాలు తీసి, ఒక కొన పళ్ళతో పట్టుకుని, మంచిగా ఉన్న చేత్తో నా ఎడమ చెయ్యి నడుముకు కట్టాడు.

"నాతోని కాదు ఉస్తాద్. భయమైతుంది" అన్నాను. 

ఆయన పలకల ముందుకు పోయి, ఇనుప ఫ్రేముల మీద కాలు మోపి, మెల్లగా దుప్పటి మీదికి ఎక్కి బోర్లా పడుకున్నాడు. రెండు చేతులూ చాచి ఆ కొసా ఈ కొసా అదిమిపట్టాడు. నడిమధ్యాహ్నం. దుప్పటి కింద పలకలు పెనంలా కాలుతుంటాయని నాకు తెలుసు. పై అంచు మీదుగా తల చాపి, కింద డబ్బా ముందు కూర్చున్న నా వైపు చూశాడు.

"కొత్త దుప్పటి, ఎండకు రంగు పోతాదని భయపడగాకు" అన్నాడు. "నేను పండుకున్నా గదా. పోదులే."

నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మీకు ఎర్కేనా ఉస్తాద్?" అన్నాను.

"వెల్లకిలా పడినోడికి పైన ఏం జరుగుతాండాదో కనపడదా నాయనా?"

అంటే అంతా చూశాడు. తెల్ల బెడ్‌షీటు చూశాడు, నేను దాన్ని లాగడం చూశాడు, తాను తీగ పట్టుకుని వణుకుతుంటే నేను దుప్పటి మూలలు సర్దుకోవడం చూశాడు. భూమి చీలితే బాగుండుననిపించింది. ఏడుపు తన్నుకొచ్చింది. "నేను మీ దిక్కు రాలే. ముందుగాల దుప్పటే కప్పిన" అన్నాను.

"అందుకే బతికినా" అన్నాడు ఆయన. "నువ్వు నేరుగా వచ్చి నన్ను పట్టుకుని ఉంటే ఇద్దరమూ పొయ్యేటోళ్ళం. నువ్వు కప్పినాకనే నా వేళ్ళు తీగనుంచి ఊడినాయి. దాచుకోను కప్పినావని నాకు తెలుసులే. దేనికి కప్పినావో ఆ పలకకేం తెలుసు? ఇంక ఏడుపు ఆపి పని చూడు, పొట్ట కాలుతాండాది."

అది నిజమో, నా మొహం చూసి చెప్పిన మాటో నాకు ఇప్పటికీ తెలియదు. షాపులో కుర్రవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు, ముందు కరెంటు ఆపండి, ఆ తర్వాతే మనిషిని పట్టుకోండి అని చెబుతాను. చెబుతూనే నాలోపల ఏదో ముడుచుకుంటుంది.

పాత కాంటాక్టర్ విప్పాను. ఆయన పైనుంచి ఒక్కొక్క తీగే చెబుతుంటే కొత్తది బిగించాను. ప్రతి స్క్రూకూ ఆగి ఊపిరి పీల్చుకున్నాను. కార్డు మీది స్క్రూను ఆయన చెప్పినంత వెనక్కి తిప్పాను. భయం ఒక్క క్షణం కూడా పోలేదు. భయపడుతూనే చేశాను. ఆయన చెమట దుప్పటి అంచునుంచి బొట్లు బొట్లుగా నా మెడ మీద పడుతోంది.

"అయిపోయింది ఉస్తాద్. దిగుండ్రి" అన్నాను.

దిగలేదు. "దూరం జరుగు" అన్నాడు. జరిగాను. "ఇంకా." ఇంకో నాలుగడుగులు వేశాను.

"చేతులు చూపు."

కుడి చెయ్యి ఎత్తాను.

"రెండూ."

తడబడుతూ ముడి విప్పుకుని ఎడమ చెయ్యి కూడా ఎత్తాను. ఆ ఎండలో, ఎర్రగా కందిపోయిన ముఖంతో, దుప్పటిని రెండు చేతులా అదిమిపట్టి, ఆయన నా వేళ్ళను ఒక్కొక్కటిగా పెదవులతో లెక్కపెట్టుకున్నాడు. పది అయ్యేదాకా లేవలేదు.